చక్రాల ఇల్లు, కొండదారి

1920ల్లో అమెరికాలోని కొలరాడో కొండల్లో ఫాల్ రివర్ రోడ్డు ఎక్కే కార్లలో కొన్ని వెనక్కి తిరిగి ఎక్కేవి. డేరా గుడ్డ, దుప్పట్లు, వంటసామాను తాళ్లతో కట్టుకున్న ఫోర్డ్ మోడల్ టీ బండి వీపు కొండకు, ముఖం లోయకు పెట్టి రివర్స్ గేరులో మెల్లగా పాకేది. ఆ బండికి పెట్రోలు ట్యాంకు ముందు సీటు కింద ఉండేది. ఇంజన్‌కు పెట్రోలు అందించడానికి పంపు లేదు; వాలును బట్టి అదే జారి చేరాలి. దారి నిటారుగా లేస్తే ఇంజన్ ట్యాంకు కంటే ఎత్తుకు పోయి, పెట్రోలు అందక ఆగిపోయేది. బండిని తిప్పి నడిపితే ట్యాంకు పైకి, ఇంజన్ కిందికి వచ్చేవి. పైగా ఆ బండి గేర్లలో రివర్స్‌కే లాగే సత్తువ ఎక్కువ.

ఆ రోడ్డు పని 1913లో మొదలైంది. తొలి కూలీలు రాష్ట్ర జైలు ఖైదీలు. 1920 సెప్టెంబరులో రోడ్డు తెరిచేనాటికి కొన్నిచోట్ల ఎక్కుడు ఎంతుందంటే, వంద అడుగులు సాగితే పదహారు అడుగులు పైకి లేవాలి. మలుపులు ఇరుకు. ఒక్కసారి స్టీరింగ్ తిప్పితే సరిపోక, ముందుకూ వెనక్కూ ఆడించి తిప్పుకోవాల్సి వచ్చేది. ఏటా వసంతంలో దారి మీద పేరుకున్న మంచును పారలతో, ఒక్కోసారి డైనమైటుతో తొలగించేవాళ్లు. అయినా జనం వచ్చారు, పిల్లాపాపలతో, పెనాలతో, పరుపులతో వచ్చారు.

ఈనాడు ఆర్వీ అని పిలిచే చక్రాల ఇంటి ప్రయాణానికి మూలం ఆ జనమే. మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది ఉన్న బండిలో కొండ ఊళ్ల మీదుగా తీరిగ్గా సాగుతూ, నచ్చినచోట ఆగి, వాగు పక్కన రాత్రి గడిపే ప్రయాణికుడికి అంతా తన ఇష్టప్రకారం జరుగుతున్నట్టే ఉంటుంది. నిజానికి అతను ఆగే ప్రతి జాగా, తిరిగే ప్రతి మలుపు వందేళ్ల కిందట మొదలైన ఒక వాదంలో తేలినవి. కొండ ఎన్ని చక్రాలను మోయగలదన్నదే ఆ వాదం. బండ్లను రమ్మన్నది వెండి గనులు మూతపడి బతుకుతెరువు వెతుక్కున్న ఊళ్లు. ఆ బండ్లకు హద్దు గీసింది అడవి వేళ్లను పరీక్షించిన శాస్త్రవేత్తలు, రోడ్డు ఇంజనీర్లు.

ఈ కథకు ఎస్టెస్ పార్క్ ఊరు మంచి సాక్షి. సముద్రమట్టానికి 7,500 అడుగుల ఎత్తున, అంటే మన ఊటీ కంటే కాస్త ఎత్తున ఉంటుంది. యూట్, అరాపహో జాతుల వాళ్లు వేటకు వచ్చే ఈ లోయలోకి జోయెల్ ఎస్టెస్ అనే పశువుల కాపరి 1859లో వచ్చాడు. చలికి తట్టుకోలేక కొన్నేళ్లకే వెళ్లిపోయాడు, పేరు మిగిలింది. ఊరి రాత మార్చినవాడు ఫ్రీలన్ ఆస్కార్ స్టాన్లీ. కవల సోదరుడితో కలిసి ఆవిరితో నడిచే కార్లు తయారుచేసి పేరు తెచ్చుకున్న ఈయన 1903లో క్షయతో చిక్కి, కొండగాలి కోసం కొలరాడో చేరాడు. బండిదారి తప్ప మరేమీ లేని ఆ కొండకు తన ఆవిరి కారునే ఎక్కించాడు. ఒంట్లో బలం పుంజుకున్నాడు. లోయకు రోడ్డు బాగుచేయించాడు, విద్యుత్ కేంద్రం పెట్టాడు, 1909లో తన పేరుతో పెద్ద హోటల్ తెరిచాడు. రైలు దిగిన అతిథులను కొండ మీదికి తేవడానికి పలువురు కూర్చునే ఆవిరి బండ్లు నడిపాడు. ఏళ్లు లెక్కపెట్టుకుంటూ వచ్చిన మనిషి 91 ఏళ్లు బతికి 1940లో పోయాడు. రైలు రాని కొండ ఊరికి కారు వల్లే సందర్శకులు రావచ్చని ఆయన నిరూపించాడు.

1915 జనవరిలో ఆ ఊరి పక్కనే రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్ ఏర్పడింది. దానికోసం దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చిన ప్రకృతివేత్త ఈనోస్ మిల్స్ అక్కడ స్థిరపడినవాడే. అదే ఏడు ఆగస్టులో ఎల్లోస్టోన్ పార్కు గేట్లు కార్లకు తెరుచుకున్నాయి. అంతవరకూ అక్కడ గుర్రపు బండ్లదే రాజ్యం. గుర్రాలు బెదరకుండా కార్లకు వేళలు నిర్ణయించి వదిలారు. కార్లను రానివ్వడం అందరికీ నచ్చలేదు. బ్రిటిష్ రాయబారి జేమ్స్ బ్రైస్ 1912లోనే, కారును యోసెమిటీ లోయలోకి రానివ్వడమంటే పామును ఈడెన్ తోటలోకి పిలవడమేనని హెచ్చరించాడు. 1916లో పుట్టిన జాతీయ పార్కుల శాఖ తొలి డైరెక్టర్ స్టీఫెన్ మేథర్ ఆలోచన వేరు. జనం వస్తేనే పార్కులకు నిధులు వస్తాయి, జనం రావాలంటే కారు రావాలి అన్నది ఆయన లెక్క. అప్పటికి ఏడాదికి మూడున్నర లక్షల పైచిలుకు మంది వచ్చే పార్కులకు 1920 నాటికి పది లక్షల మంది వచ్చారు. మేథర్ లెక్క తప్పలేదు. బ్రైస్ భయమూ తప్పలేదు, దానికి కొంత వ్యవధి పట్టింది, అంతే.

ఈ కొత్త యాత్రికులకు డబ్బు తక్కువ, ఉత్సాహం ఎక్కువ. 1908లో 850 డాలర్లతో మొదలైన మోడల్ టీ ధర 1925కు చిన్న రకానికి 260 డాలర్లకు పడిపోయింది. హోటల్ ఖర్చు భరించలేని గుమాస్తా, రైతు, బడిపంతులు కారు పక్కకు డేరా కట్టుకుని నిద్రపోయారు. ఫోర్డ్, ఎడిసన్, టైర్ల వ్యాపారి ఫైర్‌స్టోన్, రచయిత జాన్ బరోస్ కలిసి ఏటా డేరాలతో యాత్ర చేస్తుంటే పత్రికలు వెంటపడి రాశాయి. 1918లో వాళ్లు అపలాచియన్ కొండల్లో తిరిగారు. 1921లో అధ్యక్షుడు హార్డింగ్ కూడా మేరీలాండ్‌లో వాళ్ల శిబిరానికి వచ్చాడు. 1919లో ఫ్లోరిడాలోని టాంపాలో యాత్రికులు ‘టిన్ కాన్ టూరిస్ట్స్’ అని సంఘం పెట్టుకున్నారు. రేడియేటర్ మూతకు అతికించిన రేకు డబ్బా వాళ్ల గుర్తు.

ఊళ్లు పోటీపడి శిబిరాలు తెరిచాయి. వచ్చినవాళ్లు కిరాణా కొంటారు, పెట్రోలు పోయించుకుంటారు, వీలైతే స్థలం కొని స్థిరపడతారు అన్నది ఆశ. కొండలకు వాకిలి లాంటి డెన్వర్ నగరం ప్లాట్ నది ఒడ్డున ఓవర్‌ల్యాండ్ పార్కును ఇలాగే శిబిరంగా మార్చింది. ఒకప్పటి గుర్రప్పందేల మైదానంలో వందల కార్లు వరుసలు తీరాయి. దుకాణం, చాకిరేవు, స్నానాల గదులు వెలిశాయి. మొదట్లో చాలాచోట్ల రుసుము లేదు. అయితే పని వెతుక్కుంటూ పాత కారులోనే కాపురం పెట్టిన పేదలూ ఈ శిబిరాలకు వచ్చారు. విహారానికి వచ్చినవాళ్లు, ఊరి పెద్దలు ముఖం చిట్లించారు. 1920ల నడుమ నుంచి రోజుకు యాభై సెంట్ల దాకా రుసుము పెట్టడానికి నిర్వహణ ఖర్చు ఒక కారణమైతే, పేదలను వడగట్టడం మరో కారణం. ఈ చరిత్రలో ఇది దాచకూడని సంగతి.

పేదరికం ఒక్కటే అడ్డుగోడ కాదు. నల్లజాతి కుటుంబానికి కారు ఉన్నా దారిలో మంచం దొరకడం, భోజనం దొరకడం గండంగా ఉండేది. అందుకే కొలరాడోలోనే, డెన్వర్‌కు పడమటి కొండల్లో, 1922లో లింకన్ హిల్స్ అనే విడిది వాళ్లకోసం ఏర్పడింది. అక్కడి వింక్స్ లాడ్జ్ పేరు దేశమంతా తెలిసింది. న్యూయార్క్ పోస్ట్‌మన్ విక్టర్ హ్యూగో గ్రీన్ 1936 నుంచి వెలువరించిన ‘గ్రీన్ బుక్’ ఏ ఊళ్లో నల్లవారికి చోటిస్తారో చెప్పే పుస్తకం. జాతీయ పార్కులూ మినహాయింపు కాదు. వర్జీనియాలోని షెనన్డోవా పార్కులో 1939లో లూయిస్ మౌంటెన్ అనే వేరు శిబిరాన్ని నల్లవారికి కేటాయించారు. ఆ విభజన పూర్తిగా పోయేసరికి 1950 వచ్చింది. ఇష్టమైనచోట ఆగే స్వేచ్ఛ గురించి మాట్లాడేటప్పుడు ఆ స్వేచ్ఛ ఎవరిదో కూడా చెప్పాలి.

ఇక చెట్ల సంగతి. కాలిఫోర్నియాలో పనిచేసిన ఎమిలియో మైనెకె అనే వృక్షవ్యాధుల శాస్త్రవేత్త పేరు ఆర్వీ ప్రయాణికుల్లో బహుశా ఎవరికీ తెలియదు. వాళ్లు బండి ఆపే చోటు మాత్రం ఆయన గీసిన గీతే. 1920ల్లో శిబిరమంటే చెట్ల కింద ఖాళీ నేల. ఎవరికి తోచినచోటికి వాళ్లు కారు తోలుకుపోయేవాళ్లు. కొన్నేళ్లకు పొదలు పోయాయి, మొలకలు పోయాయి, వేల ఏళ్లు నిలిచిన సెకోయా చెట్ల చుట్టూ నేల కళ్లం చేసినట్టు గట్టిపడింది. మైనెకె ఆ నేలను, వేళ్లను పరీక్షించాడు. మట్టి అణగారితే వాన నీరు లోపలికి ఇంకదు, గాలి ఆడదు, పైపొరలో ఉండే సన్నని వేళ్లు చచ్చిపోతాయి. చెట్టు వెంటనే పడిపోదు. పైకి పచ్చగానే ఉంటూ కిందనుంచి క్షీణిస్తుంది, దాని తర్వాత రావాల్సిన మొక్క రాదు. మనిషి కాళ్లు కొంత చెరుపు చేస్తాయి, అసలు చెరుపు కారుది అని ఆయన తేల్చాడు. ఒకచోట నేల పాడైతే శిబిరాన్ని పక్కకు మార్చడం అప్పటి పద్ధతి. అలా మారుస్తూపోతే చివరికి అడవే మిగలదన్నాడు.

1932లో ఆయన రాసిన శిబిర విధానంలో పరిష్కారం ఎంతో సులువుగా ఉంది. ఒకే దిశలో సాగే సన్నని రోడ్డు శిబిరం చుట్టూ తిరిగి మళ్లీ మొదటికి రావాలి. ఆ రోడ్డు నుంచి ఏటవాలుగా ప్రతి కుటుంబానికీ ఒక చిన్న పాయ. కారు అందులోకి వెళ్లి ఆగుతుంది, అక్కడినుంచి కదలదు. దారికి అటూ ఇటూ బండరాళ్లు, దుంగలు పాతితే చక్రం మట్టి మీదికి దిగదు. బల్ల, పొయ్యి నేలకు బిగించి ఉంటే డేరా ఎక్కడ వేయాలో ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. నడుమ పొదలను, చెట్లను అలాగే ఉంచితే పక్క కుటుంబం కనబడదు. చూడడానికి ఇది మామూలు విషయం. కానీ బోర్డు పెట్టి మందలించే బదులు, నేల అమరికతోనే మనిషి నడతను మళ్లించిన ఈ పద్ధతి అమెరికా పార్కుల చరిత్రలో అతి గొప్ప పనుల్లో ఒకటి. ఈరోజు రాకీ కొండల్లోనో, స్మోకీ కొండల్లోనో శిబిరంలోకి మలుపు తిరిగే ప్రతి బండీ ఆ గీత వెంటే తిరుగుతుంది.

గీత గీస్తే చాలదు, చేతులు కావాలి. ఆర్థిక మాంద్యం ఆ చేతులను తెచ్చింది. 1933లో అధ్యక్షుడు రూజ్వెల్ట్ మొదలుపెట్టిన సివిలియన్ కన్సర్వేషన్ కోర్‌లో 1942 దాకా సుమారు ముప్పై లక్షల మంది నిరుద్యోగ యువకులు పనిచేశారు. నెలకు 30 డాలర్ల జీతం, అందులో 25 ఇంటికి పోయేది. రాతి పొయ్యిలు, దుంగల బల్లలు, కాలిదారులు, శిబిరాల రోడ్లు వాళ్లు కట్టినవే. చాలా పార్కుల్లో ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

అదే కాలంలో ఎస్టెస్ పార్క్ పైన మరో రోడ్డు లేచింది. ఫాల్ రివర్ రోడ్డు మంచుతో, మలుపులతో పెరిగిన రద్దీని మోయలేకపోయింది. 1929 అక్టోబరులో ట్రెయిల్ రిడ్జ్ రోడ్డు పని మొదలుపెట్టారు. యూట్, అరాపహో జనం తరతరాలుగా నడిచిన కొండశిఖర దారికి దగ్గరగా అది సాగుతుంది. ఎస్టెస్ పార్క్ నుంచి అవతలి గ్రాండ్ లేక్ దాకా 48 మైళ్లు. అందులో 11 మైళ్లు చెట్లు పెరగని ఎత్తున, అతి ఎత్తైన చోటు 12,183 అడుగులు. ఎక్కుడు ఎక్కడా వందకు ఏడు అడుగులు దాటకూడదని నియమం పెట్టుకున్నారు. ఏటా నాలుగు నెలలకు మించి పని సాగని ఆ చలిగాలిలో కూలీలు రాళ్లు పేల్చుతూనే, కింది పచ్చిక మీద పెళ్లలు పడకుండా దుంగలతో, రాళ్లతో కట్టలు కట్టారు. తవ్వినచోట పచ్చిక గడ్డలను దాచి, తిరిగి రోడ్డు వాలుల మీద పరిచారు. రాళ్లు పేర్చేటప్పుడు పాచి లాంటి లైకెన్ పట్టిన ముఖం పైకి వచ్చేలా పెట్టారు. 1932 వేసవిలో కొండ మీదిదాకా, 1938కి గ్రాండ్ లేక్ దాకా రోడ్డు పూర్తయింది. ఇవాళ ఆర్వీలు వెళ్లేది దీని మీదే. పాత ఫాల్ రివర్ రోడ్డు మీద వేసవి నెలల్లో పైకి మాత్రమే, ఒకే దిశలో వెళ్లనిస్తారు. 25 అడుగులు మించిన బండికీ, ట్రెయిలర్‌కూ ప్రవేశం లేదు.

డేరా మెల్లగా గట్టి గోడల గది అయ్యింది. 1910లోనే పియర్స్ ఏరో కంపెనీ పడకగా మారే సీటు, చేతులు కడిగే తొట్టి ఉన్న కారును న్యూయార్క్ ప్రదర్శనలో పెట్టింది, అయితే అది ధనికుల బండి. 1930ల్లో డెట్రాయిట్ శాస్త్రవేత్త ఆర్థర్ షెర్మన్ తన కుటుంబం కోసం చేసుకున్న ట్రెయిలర్‌ను వ్యాపారంగా మలిచి, పాతకాలపు వలస గూడుబండి పేరే కంపెనీకి పెట్టాడు. 1936లో వాలీ బయమ్ అల్యూమినియం రేకు తొడిగిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్‌ను తెచ్చాడు. కారు వెనక ఇల్లు తగిలించుకుని వచ్చేవాళ్లకు మైనెకె పాయలు చాలలేదు. ట్రెయిలర్‌ను వెనక్కి నడపడం కష్టం కాబట్టి ఒకవైపు ప్రవేశించి మరోవైపు బయటపడే జాగాలు గీయాల్సి వచ్చింది.

రాకీ కొండల దక్షిణాన సాన్ వాన్ పర్వతాల్లో కథ మరో రకంగా నడిచింది. ఆ కొండలు యూట్ జాతివి. వెండి బయటపడ్డాక 1873లో ఒప్పందం పేరిట వాటిని తీసుకున్నారు, 1881లో వాళ్లలో చాలామందిని యూటాకు తరలించారు. యూరే అనే వాళ్ల నాయకుడి పేరే ఒక గని ఊరికి మిగిలింది. 1883లో ఓటో మియర్స్ అనే రోడ్ల వ్యాపారి ఆ ఊరి పైన నిలువు కొండను తొలిచి రుసుము దారి వేశాడు. ప్రభుత్వం 1893లో వెండి కొనడం ఆపగానే ధర కుప్పకూలింది, గనుల ఊళ్లు ఖాళీ అవసాగాయి. 1920ల మొదట్లో మియర్స్ దారిని కార్లకు తగినట్టు మళ్లీ కట్టి 1924లో తెరిచారు. అదే మిలియన్ డాలర్ హైవే. యూరే నుంచి 11,018 అడుగుల రెడ్ మౌంటెన్ కనుమ దాటి సిల్వర్టన్ చేరుతుంది. మంచును అంచు మీదుగా లోయలోకి తోసేయాలి గనుక చాలాచోట్ల రక్షణ గోడ ఉండదు. పెద్ద బండి నడిపేవాళ్లు వీలైతే సిల్వర్టన్ వైపునుంచి యూరేకు వస్తారు, అప్పుడు కొండ పక్క వరుస తమదవుతుంది.

సిల్వర్టన్‌లో చివరి పెద్ద గని సన్నీసైడ్ 1991లో మూతపడింది. అప్పటికే ఆ ఊరు బతుకుతున్నది సందర్శకుల మీద. 1882లో ఖనిజం మోయడానికి వచ్చిన సన్నపట్టాల రైలు ఇప్పుడు దురాంగో నుంచి యాత్రికులను మోస్తుంది. గని కార్మికుల వీధిలో ఫలహారశాలలు, ఊరి అంచున ఆర్వీ శిబిరాలు ఉన్నాయి. గని ఊరికి ఒక్క లోహమే ఆధారం. యాత్రల ఊరికి మూడు నాలుగు నెలల వేసవే ఆధారం. ఈ రెండో బతుకు మొదటిదాని కంటే భద్రమని ఆ ఊళ్ల చరిత్ర చదివినవాళ్లు చెప్పలేరు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత వేగం పెరిగింది. 1955లో జాతీయ పార్కులకు సుమారు 5.6 కోట్ల మంది వచ్చారు. మరుసటి ఏడు పార్కుల శాఖ ‘మిషన్ 66’ పేరుతో పదేళ్ల నిర్మాణ పథకం చేపట్టింది. అంతర్రాష్ట్ర రహదారుల చట్టమూ 1956దే. 1962లో సియాటిల్ ప్రపంచ ప్రదర్శనకు వెళ్లే కార్లు మోంటానాలోని బిల్లింగ్స్ మీదుగా పోవడం చూసి డేవ్ డ్రమ్ అనే స్థానికుడు ఎల్లోస్టోన్ నది ఒడ్డున రాత్రికి 1.75 డాలర్లకు శిబిరం తెరిచాడు. వేడినీళ్ల స్నానం, దుకాణం, బల్ల, పొయ్యి ఇచ్చాడు. అదే కేఓఏ శిబిరాల గొలుసుకు మొదలు. ఇంజన్, ఇల్లు ఒకే చట్రం మీద ఉండే బండిని మిషిగన్‌లో రే ఫ్రాంక్ 1950ల చివర తన కుటుంబం కోసం కట్టుకుంటే, 1966లో అయోవాలోని విన్నెబేగో కంపెనీ దాన్ని మధ్యతరగతికి అందే ధరకు తెచ్చింది. 1973 చమురు సంక్షోభంలో ఈ బండ్ల అమ్మకాలు పడిపోయాయి, మళ్లీ లేచాయి.

బండి పొడవు నలభై అడుగులకు చేరినా కొండదారి పొడవూ వెడల్పూ మారలేదు. మోంటానాలోని గ్లేసియర్ పార్కులో 1933లో ప్రారంభించిన ‘గోయింగ్ టు ద సన్’ రోడ్డు ఎగువ భాగానికి 21 అడుగుల కంటే పొడవైన బండిని, అద్దాలతో కలిపి 8 అడుగుల కంటే వెడల్పైనదాన్ని రానివ్వరు. ఆర్వీని కింద శిబిరంలో వదిలి బస్సెక్కాలి. రాకీ మౌంటెన్ పార్కు 2020లో, కోవిడ్ కాలంలో, ముందుగా వేళ రిజర్వు చేసుకున్నవాళ్లనే వదిలే పద్ధతి తెచ్చి, తర్వాతి వేసవుల్లోనూ కొనసాగించింది. 1915లో ఎల్లోస్టోన్ కార్లకు పెట్టిన వేళల నియమానికి ఇది మరో రూపం. అప్పుడు గుర్రాల కోసం, ఇప్పుడు రద్దీ కోసం.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ ప్రయాణం ఇష్టపడేవాళ్లు ఉన్నారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన వేసవిలో ఆర్వీ అద్దెకు తీసుకుంటే, పెద్దవాళ్లు కావలసినప్పుడు నడుం వాల్చవచ్చు, పూట పూటకూ అన్నం, చారు వండుకోవచ్చు, శాకాహారం ఎక్కడ దొరుకుతుందా అని వెతకనక్కర్లేదు. వంద ఏళ్ల కిందట డేరా వేసుకున్న గుమాస్తా కుటుంబమూ హోటల్‌ను తప్పించుకుని సొంత వంట కోసమే బల్ల పరిచింది.

కొండ ఊళ్లలో ఇప్పుడు అద్దెలు అంత తేలికగా లేవు. విహారగృహాలు పెరిగి, హోటళ్లలో పనిచేసేవాళ్లకు గది దొరక్క, కొందరు పాత ట్రెయిలర్లలోనే కాపురముంటున్నారు. 1920ల్లో రుసుము గేటు దగ్గర ఆగిపోయిన మనుషుల్లాంటివాళ్లే వీళ్లూ. ఇల్లు అమ్మేసి లేదా కోల్పోయి బండిలోనే బతికే వయసుమళ్లినవాళ్ల గురించి జెస్సికా బ్రూడర్ 2017లో ‘నోమాడ్‌ల్యాండ్’ రాసింది. దాని ఆధారంగా తీసిన సినిమాకు ఆస్కార్ వచ్చింది. అలాంటివాళ్లతో పాటు, కేవలం ఇష్టంతో వచ్చిన పదవీ విరమణ చేసిన జంటలు కూడా వేసవిలో పార్కు శిబిరాల్లో క్యాంప్ హోస్ట్‌లుగా ఉంటారు. జాగా ఉచితం, బదులుగా శిబిరం బాగోగులు చూడాలి. వచ్చినవాళ్లకు దారి చెప్పాలి, పొయ్యిల్లో బూడిద తీయాలి, ఎలుగుబంట్లు రాకుండా ఆహారం భద్రంగా పెట్టమనాలి. సాయంత్రం ఒకసారి శిబిరం చుట్టూ తిరిగి, ఏ బండి చక్రమైనా పాయ దాటి మట్టి మీదికి దిగి ఉంటే దాన్ని వెనక్కి జరపమని చెప్పడమూ వాళ్ల పనే.